అమావాస్యకు మాత్రమే ఆపే కంప్యూటరు

నేను రిటైరయి ఏడాదిన్నర దాటింది. అయినా మా అపార్ట్‌మెంటులో ఎవరో ఒకరు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వస్తానే ఉంటారు. "అంకుల్, దీంట్లో విండోస్ ఉంది, పక్కనే లైనక్స్ కూడా వేసుకుంటాను. ఫైళ్ళన్నీ మధ్యలో ఒక డ్రైవులో పెట్టి రెండిటికీ వాడుకోవచ్చా?" అని అడుగుతారు. పెట్టుకోవచ్చు నాయనా, బ్రహ్మాండంగా పెట్టుకోవచ్చు, కానీ ముందు నాకు జరిగింది ఒకటి విను అంటాను. వాళ్ళకు వినే ఓపిక ఉండదు. అవుననో కాదనో చెప్పు చాలు అన్నట్టు మొహం పెడతారు. అందుకని ఇట్లా కూర్చుని రాస్తా ఉన్నాను. నాకూ ఓపిక తక్కువే, కానీ ఇది ఒక్కటి చెప్పేసి ఊరుకుందామని.

నా ఆఖరి ఉద్యోగం బెంగళూరు నగర్తపేటలో. పట్టుచీరలు నేయించి హోల్‌సేల్‌గా అమ్మే ఒక ఓనరు దగ్గర పదకొండేళ్ళు చేసినాను. పేరుకు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. నిజానికి ప్రింటరులో ఇరుక్కున్న కాయితం లాగేది, కెమెరా వైరు ఎలుక కొరికితే అతికించేది, ఇంటర్నెట్ పోతే తిట్లు తినేది, అంతా నేనే. మగ్గాలు దేవనహళ్ళి దాటినాక ఒక షెడ్డులో ఉండేవి. నగర్తపేటలో ఉండింది ఇరుకు బిల్డింగు. కింద దుకాణం, దాని వెనక మెట్ల కింద నా కుర్చీ, మూడో అంతస్తులో డిజైన్ రూము. లిఫ్టు లేదు. అప్పటికే నా రెండు మోకాళ్ళూ అరిగిపోయినాయి. ఈ మెట్ల సంగతి ఊరికే చెప్పడం లేదు. జరిగిన దాంట్లో సగం పాపం ఆ మెట్లదే అని చాన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను.

చీర డిజైన్ అంటే ఏమిటో తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. కొంగైనా, అంచైనా, బుటా అయినా ముందు గళ్ళ కాయితం మీద గీస్తారు. ఒక్కో గడి ఒక్కో దారం లెక్క. ఆ గళ్ళను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. అట్టలు మగ్గం పైన తిరుగుతా ఉంటే, చిల్లున్న చోట దారం లేస్తుంది, చీర మీద నెమలి దిగుతుంది. ఇప్పుడు గళ్ళు కంప్యూటరులో నింపుతారు, అంతే తేడా.

మా డిజైన్ రూములో ఒక పెద్దాయన ఉండేవాడు. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. అందరం అన్నా అనేవాళ్ళం. తాత ముత్తాతల నుంచి నేతపని వాళ్ళే, బెంగళూరు పాతపేటల్లో పుట్టి పెరిగిన మనిషి. ముప్పై ఏళ్ళు గళ్ళ కాయితం మీద గీసి గీసి, చివర్లో కంప్యూటరు నేర్చుకున్నాడు. ఆయన వాడే డిజైన్ సాఫ్ట్‌వేరు పాత విండోస్‌లో తప్ప నడవదు. కొత్తది కొనమంటే ఓనరు గోడ మీది దేవుడి పటం వైపు చూసేవాడు.

ఆ తర్వాత ఒకమ్మాయి వచ్చింది. అమ్మాయి అంటే ముప్పై ఉంటాయి, పెళ్ళయింది, గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. టెక్స్‌టైల్ డిజైన్ చదువుకుంది. రంగులు వేయడంలో ఆ పిల్ల చెయ్యి చూడాల్సిందే. ఆమె నేర్చుకున్న బొమ్మల సాఫ్ట్‌వేరు లైనక్స్‌లో బాగా నడుస్తుంది, మా పాత స్కానరు కూడా లైనక్స్‌లోనే మొరాయించకుండా మాట వినింది. పెద్దాయన పాత గళ్ళ కాయితాలు స్కాన్ చేసి, ఈ కాలానికి తగ్గట్టు రంగులు మార్చి, మళ్ళా ఆయనకు ఇవ్వడం ఆమె పని. ఆయన వాటిని అట్టలకు తయారు చేస్తాడు.

"అయితే ఇంకో కంప్యూటర్ కావాల సార్," అన్నాను ఓనరుతో.

"ఏమిటికి? ఆయన పొద్దున తొమ్మిదికి వచ్చి ఒకటిన్నరకు పోతాడు. ఆమెను రెండింటికి రమ్మను. ఒక కుర్చీ సరిపోయేదానికి రెండు కుర్చీలు ఎందుకప్పా?"

నాకూ అది చిటికెలో పని అనిపించింది. చిన్న గర్వం కూడా లేకపోలేదు. ఒక్క డిస్కునే మూడు ముక్కలు చేసినాను. ఒకటి విండోస్‌కు, ఒకటి లైనక్స్‌కు, మూడోది ఇద్దరికీ. కంప్యూటరు వెలిగించగానే ఏది కావాలని అడుగుతుంది. పెద్దాయన విండోస్ అంటాడు, ఆమె లైనక్స్ అంటుంది. ఎవరు తెరిచినా మూడో ముక్క కనబడుతుంది. దానికి ‘ఉమ్మడి’ అని పేరు పెట్టినాను. ఓనరును పిలిచి చూపిస్తే, "భలే చేసినావే" అన్నాడు. పదకొండేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

వారం తిరక్కుండానే ఆమె ఫోను.

"సార్, ఉమ్మడి డ్రైవులో సేవ్ అవ్వట్లేదండి. రీడ్ ఓన్లీ అని వస్తోంది. చూడొచ్చు గానీ రాయడానికి లేదంట."

మెట్లెక్కి పోయినాను. లైనక్స్ చాలా మర్యాదగానే చెప్తా ఉంది. ఈ డిస్కును విండోస్ ఇంకా వదిలిపెట్టలేదు, పూర్తిగా ఆపకుండా నిద్రపుచ్చినారు, ఇప్పుడు నేను దీని మీద రాస్తే పాడవుతుంది, పోయి విండోస్‌ను సరిగ్గా ఆపి రండి, అని. ఇంతకంటే విడమరిచి ఏ మనిషీ చెప్పడు.

మరుసటి పొద్దున పెద్దాయన్ను అడిగినాను. "అన్నా, నువ్వు పోయేటప్పుడు షట్‌డౌన్ కొట్టడం లేదా?"

"నువ్వే గదప్పా ఆ నిద్రపుచ్చే బటన్ చూపించినావు?"

చూపించిన మాట నిజమే. ఆ అమ్మాయి రాకముందు ఎప్పుడో, పొద్దున్నే అన్నీ మళ్ళా తెరుచుకోవడానికి తిప్పలు పడతా ఉంటే, హైబర్నేట్ కొట్టు అన్నా, ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి అని చెప్పింది నేనే.

"ఇప్పుడు వద్దులే అన్నా. పూర్తిగా ఆపి పో."

ఆయనకు కోపం వచ్చింది. "అదెట్లా అయితాదప్పా? మగ్గం మీద సగం చీర ఉంటే కోసి పెట్టి పోతామా? పడుగు పడుగు లెక్కనే వదిలేసి పోతాం, పొద్దున వచ్చి ఆడ్నుంచే నేస్తాం. నా కొంగు సగంలో ఉండాది. నేను వచ్చేసరికి తెరిచినట్టే ఉండాల. లేకపోతే నాకు చెయ్యి ఆడదు."

"అయితే ఎప్పుడూ ఆపవా?"

"ఎందుకాపను? అమావాస్యకు ఆపుతా. అమావాస్యకు మగ్గం తొక్కం గదా. ముందురోజే పూర్తిగా ఆపి, పసుపు కుంకం పెట్టి పోతా."

నిజమే. మా కంప్యూటరు డబ్బా మీద ఎప్పుడూ కుంకం మరకలు ఉండేవి. నేతవాళ్ళకు అమావాస్య సెలవు. ఆదివారం పని చేసినా చేస్తారు గానీ అమావాస్యకు మగ్గంలో కూర్చోరు. ఆఫీసుకు ఆ సెలవు లేదు, అయినా పెద్దాయన రాడు, ఓనరూ అడగడు.

అక్కడ నేను చేయాల్సింది ఒకటే. ఆ బటన్ను పీకేయాల. ఆయన నాలుగు రోజులు మాట్లాడకపోయినా పోనీ అనుకోవాల. నేను ఆ పని చేయలేదు. పెద్దాయనతో గొడవెందుకు, బేజారు చేసుకుంటాడు అనుకున్నాను. కిందికి వచ్చి, టీ తాగి, మళ్ళా మెట్లెక్కి, లైనక్స్ మొదలయ్యేటప్పుడే నడిచే నాలుగు లైన్ల చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి పెట్టినాను. డిస్కు మీద ఉన్న ఆ ‘ఇంకా వాడకంలో ఉంది’ అనే గుర్తును అది చెరిపేస్తుంది. ఇక లైనక్స్ అడ్డం చెప్పదు, ఆమె రాసుకోవచ్చు, నేను మెట్లెక్కే పని ఉండదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇట్లాంటి అడ్డదారులు వంద చేసి ఉంటాను. చాలావరకు నిలబడినాయి కూడా.

మీకు అర్థం కావాలంటే ఇట్లా అనుకోండి. ఒకే వంటిల్లు ఇద్దరు వాడుకుంటా ఉన్నారు. మొదటి మనిషి ఏ డబ్బాలో ఏముందో తలలో లెక్కేసుకుని నిద్రపోయినాడు. ఆయన పడుకున్నాక రెండో మనిషి వచ్చి, ఖాళీ డబ్బాలో కందిపప్పు పోసి పోయింది. మొదటాయన లేచి, అది ఖాళీదే గదా అని దాంట్లో చింతపండు కుక్కుతాడు. అడిగితే ఇక్కడ పప్పే లేదంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆయన లెక్కలో లేదు. నిద్ర లేచిన విండోస్ చేసేది సరిగ్గా ఇదే. రోజూ చేయదు. రోజూ చేసింటే రెండో రోజే పట్టుబడి ఉండేవాణ్ణి.

మొదటి నెల ఏమీ కాలేదు. రెండో నెలలో ఆమె దిగి వచ్చింది. "సార్, నిన్న చేసిన ఫోల్డర్ లేదండి."

"సేవ్ చేసినావా అమ్మా?"

"చేశాను సార్. క్లోజ్ చేసి మళ్ళీ ఓపెన్ చేసి కూడా చూశాను."

"ఇంకెక్కడైనా చేసింటావు, వెతుకు."

నా దగ్గర ఒక కంప్లైంట్ల పుస్తకం ఉండేది. తేదీ, ఏమైంది, కారణం, అని మూడు గళ్ళు. కారణం గడిలో ‘యూజర్ తప్పు’ అని రాసినాను. ఆ మాట రాయడం నాకు సంతకం చేసినంత అలవాటు. ఇంకో పదిహేను రోజులకు అంచు ఫైళ్ళు ఎనిమిది తెరుచుకోలేదు. యూజర్ తప్పు. ఆ తర్వాత ఒక బుటా ఫైలు తెరిస్తే లోపల ఇంకేదో చెత్త. యూజర్ తప్పు. నాలుగోసారి ఆమె మొహం ఎర్రబడింది. "సార్, ఒక్కసారి సిస్టమ్ చెక్ చేయండి ప్లీజ్. నేను ఏమీ డిలీట్ చేయట్లేదు," అనింది. చూస్తాలే అమ్మా అన్నాను. ఆ రోజు కింద బిల్లింగ్ ప్రింటరు చెడిపోయి ఉండింది. చూడలేదు.

ఒక సాయంత్రం వీధి చివర హోటల్లో బై టూ కాఫీ, అంటే ఒక కాఫీనే ఇద్దరం పంచుకుని, తాగుతా ఆమె తన సంగతి చెప్పింది. ఊరి తూర్పు చివర హూడిలో ఇల్లు. భర్త సాఫ్ట్‌వేరు, ఉద్యోగం పోయి నాలుగు నెలలు. ఇంటర్వ్యూలకు పోయి వస్తున్నాడు, పిలుస్తామంటారు, పిలవరు. ఇంటికి ఇప్పుడు ఈమె జీతమే ఆధారం. మా ఓనరు మొదటి ఆరు నెలలు ట్రయల్ అన్నాడు, ఆ తర్వాతే పర్మనెంట్ లెటరు. "ఆరు నెలలు వచ్చే నెలాఖరుకు అయిపోతాయి సార్. ఆ లెటర్ వస్తే చాలు, ఇంట్లో మనుషులం మళ్ళీ మామూలుగా మాట్లాడుకుంటాం," అనింది. నేను, వస్తుందిలే అమ్మా, ఎందుకు రాదు, అన్నాను. ఫైళ్ళు పోయే సంగతి అప్పటికే ఓనరు చెవిన పడిందని నాకు తెలుసు. చెప్పలేదు.

ఇక ఆ రోజు సంగతి.

ఒక పెద్ద దుకాణం వాళ్ళు పెళ్ళి చీరలకు ఆర్డరు ఇస్తామన్నారు. పెద్దాయన కుర్రతనంలో గీసిన ఒక కొంగు ఉండేది. తామర మొగ్గల వరస, మధ్యలో హంసలు. అదే కావాలన్నారు, రంగులు కొత్తగా ఉండాలన్నారు. ఆమె మూడు వారాలు కూర్చుని స్కాన్ చేసి, గడి గడీ దిద్ది, ఐదు రంగుల్లో తయారు చేసింది. వాళ్ళు పన్నెండు గంటలకు వచ్చి చూస్తామన్నారు. ఆమె ఆ రోజు పొద్దున్నే వచ్చింది, చీర కట్టుకుని, కొంచెం భయంగా, కొంచెం సంతోషంగా.

తొమ్మిదిన్నరకు పెద్దాయన విండోస్‌ను నిద్ర లేపినాడు. కాసేపు బాగానే ఉండింది. తర్వాత ఏదో ఫైలు తెరవబోతే డిస్కులో తప్పులున్నాయి, సరిచేయమంటావా అని అడిగిందంట. సరిచేస్తానంటే వద్దంటారా ఎవరైనా? ఆయన సరే కొట్టినాడు. అది సరిచేయడం మొదలుపెట్టింది. సరిచేయడం అయిపోయేసరికి పెళ్ళి చీరల ఫోల్డరు లేదు. దాని పక్కన ఇంకో రెండు లేవు. ఊరూ పేరూ లేని ముక్కలు మాత్రం వందల్లో మిగిలినాయి.

నేను పోయేసరికి ఆమె ఏడవడం లేదు. అదే నాకు భయమేసింది. మౌసు పట్టుకుని తెరిచిన ఫోల్డరునే మళ్ళా మళ్ళా తెరిచి చూస్తా ఉంది. బ్యాకప్ ఉంది కదా సార్ అనింది. ఉంది. రెండు నెలల నాటిది. బ్యాకప్ తీయడం కూడా నా పనే.

వాళ్ళను పక్కకు జరిపి నేను కూర్చున్నాను. ఏయే ఫైళ్ళు బతికినాయో, ఏవి పోయినాయో తేదీలతో ఒక కాయితం మీద రాసుకుంటా పోయినాను. ఆమె చేసిన పనిలో చెడిన రోజులు అక్కడక్కడా ఉండాయి. బాగున్న రోజులూ ఉండాయి. ఏమీ అంతుపట్టలేదు. తల గోక్కుంటా ఎదురు గోడ చూసినాను. అక్కడ క్యాలెండరు. మన క్యాలెండర్లలో అమావాస్యకు నల్ల సున్న వేసి ఉంటుంది కదా. నా కాయితం చూసినాను, క్యాలెండరు చూసినాను. ఐదు అమావాస్యలు. ఆ ఐదు రోజుల్లోనూ, వాటికి ముందురోజు మధ్యాహ్నాల్లోనూ ఆమె చేసినవాటిలో ఒక్క ఫైలూ చెడలేదు. ఒక్కటి కూడా. పెద్దాయన కంప్యూటరును నిజంగా ఆపిపోయిన రోజులవి.

అంతా ఒక్క నిమిషంలో అర్థమయింది. ఆమె ఏమీ చేయలేదు. పెద్దాయన తన పద్ధతిలో తాను ఉన్నాడు. లైనక్స్ మొదటి వారమే వద్దని చెప్పింది. దాని నోరు మూసింది నేను. ఆ నాలుగు లైన్లు తెరిచి చూసుకున్నాను. పైన నా పేరు కూడా ఉంది. అలవాటు, ఏది రాసినా పైన పేరు రాసుకుంటాను.

పదకొండున్నరకు ఓనరు రూములో నలుగురం. దుకాణం వాళ్ళకు ఆయన ఫోన్ చేసి ఏదో సర్ది చెప్పినాడు, వాళ్ళు ఇంకో చోట చూసుకుంటామన్నారంట. ఆయన అరవలేదు. అరిచే మనిషి కాదు. టేబుల్ మీద నా కంప్లైంట్ల పుస్తకం ఉండింది. తెప్పించుకున్నాడు. నాలుగు చోట్ల వేలు పెట్టి చూపించినాడు.

"యూజర్ తప్పు. యూజర్ తప్పు. యూజర్ తప్పు. యూజర్ తప్పు. ఇది ఐదోసారి. ఏమమ్మా?"

ఆమె, "నేను డిలీట్ చేయలేదు సార్," అనింది.

పెద్దాయన ముందుకు వచ్చినాడు. ఆయనకు డిస్కు తెలియదు, కంప్యూటరు నిద్రతో వచ్చే ముప్పు తెలియదు, ఏమీ తెలియదు. "పాప మంచి పనిగత్తె అప్పా. నా గీత నాకే కొత్తగా కనబడేట్టు చేసింది. ఇట్లా తీసేయాకు. కాయితాలు నా దగ్గర ఉండాయి. మళ్ళా చేస్తాం, నేనూ కూర్చుంటా," అన్నాడు.

ఓనరు ఆయన మాట వినినాడు. తర్వాత నా వైపు తిరిగినాడు. "నువ్వు చెప్పప్పా. నాకు ఇవన్నీ తెలియవు. తప్పు మెషిన్‌దా, మనిషిదా?"

ఆమె నా వైపు చూసింది.

ఆ క్షణంలో నేనేమి ఆలోచించినానో నిజంగా చెప్పాలంటే, పెద్ద పెద్దవేమీ కాదు. యాభై తొమ్మిదేళ్ళు, ఇంకో చోట ఎవరు తీసుకుంటారు అనుకున్నాను. దానికంటే ముందు, ఈ రూములో ముగ్గురి ముందు నాకు పని రాదని ఒప్పుకోవాలా అనుకున్నాను. అంతే. నన్ను ఎవరూ బెదిరించలేదు. ఎవరూ తొందర పెట్టలేదు. ఫ్యాను తిరుగుతా ఉంది. కింద వీధిలో లగేజీ ఆటో ఒకటి ఇరుక్కుని హారన్ కొడతా ఉంది.

"మెషిన్ బాగానే ఉంది సార్," అన్నాను.

చూడండి, అది అబద్ధం కూడా కాదు. మెషిన్ నిజంగానే బాగుంది.

ఓనరు తలూపినాడు. "ఇంకేమైనా చెప్పేది ఉందామ్మా?" అని ఆమెను అడిగినాడు. ఆమె ఇంకా నన్నే చూస్తా ఉంది. కొంచెంసేపు అట్లే నిలబడింది. తర్వాత, "లేదు సార్," అనింది. ఆ నెల జీతం పూర్తిగా ఇస్తానన్నాడు, రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె పైకి పోయి బ్యాగు తీసుకుని, దిగేటప్పుడు పెద్దాయనకు దండం పెట్టి, నాకు కూడా వస్తాను సార్ అని చెప్పి పోయింది.

నేను మామూలుగా అన్నం తిన్నాను. ఎట్లా దిగిందో తెలియదు గానీ తిన్నాను.

ఇంటికి పోయినా ఆ అమ్మాయి మొహం కళ్ళ ముందు నుంచి పోలేదు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. ఒంట్లో బాగాలేదా అని నా భార్య అడిగితే మోకాళ్ళు అన్నాను. మూడో రోజు ఓనరు రూముకు పోయి నిలబడి, మొత్తం చెప్పేసినాను. నాలుగు లైన్ల సంగతి, పుస్తకంలో రాసిన రాతల సంగతి, బ్యాకప్ సంగతి. ఆయన టేబుల్ మీదున్న చీర మడతలో జరీ పోగు ఒకటి లాగి చూస్తా వినినాడు.

"ఇప్పుడు సరి చేసినావా?"

"చేసినాను సార్. ఆ అమ్మాయిని మళ్ళా పిలవండి సార్. ఆమె తప్పేమీ లేదు. తీసేయాలంటే నన్ను తీసేయండి."

"నిన్ను తీసేసి నేనేం చేయాలప్పా? ప్రింటరు ఎవరు చూస్తారు?" అన్నాడు. "ఆమె జాగాలోకి ఇంకొకామెకు నిన్ననే మాట ఇచ్చేసినా. ఆయితు, అయిపోయింది గదా, పో. పని చూసుకో."

ఉద్యోగం పోతుందని భయపడి నోరు మూసుకున్నాను. తీరా చెప్తే నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. అరుపు కూడా లేదు. గట్టిగా తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది, ఆ భాగ్యం కూడా దక్కలేదు.

పెద్దాయనకు చెప్పడం ఇంకా కష్టమయింది. "అంటే నేను ఆపకుండా పోవడం వల్లనా పాప పనిపోయింది?" అని అడిగినాడు. నీది కాదన్నా, నాది, నాది అని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఎక్కలేదు. ఆ రోజు నుంచి ఆయనే షట్‌డౌన్ కొట్టి, లైటు పూర్తిగా ఆరేదాకా చేతులు కట్టుకుని అక్కడే నిలబడేవాడు. పొద్దున అన్నీ మళ్ళా తెరుచుకోవడానికి పావుగంట పట్టేది. ఒక్కరోజు కూడా సణగలేదు.

ఇప్పుడు మీ కోసం చెప్పాల్సినవి చెప్పేస్తాను. రెండు సిస్టమ్‌ల మధ్య ఒక డ్రైవు పెట్టుకోండి, తప్పులేదు. హైబర్నేట్ మాత్రం తీసిపారేయండి. మాది పాత విండోస్, షట్‌డౌన్ కొడితే నిజంగా ఆరిపోయేది. ఇప్పటివి షట్‌డౌన్ కొట్టినా సగం మెలకువగానే పడుకుంటాయి. త్వరగా లేవడానికి ఒక సెట్టింగ్ ఉంటుంది, దాన్నీ ఆపేయండి. బ్యాకప్ వారానికొకసారి. డిస్కు రాయనివ్వను అంటే దాని మాట వినండి, ఎందుకు అంటుందో కనుక్కోండి. నాకు తెలిసిన చదువు ఇంతే, ఇది కూడా ఒకామె పొట్ట కొట్టి నేర్చుకున్న చదువు.

ఆమెకు ఫోన్ చేయడానికి నాకు నెల పట్టింది. నంబరు తీయడం, పెట్టేయడం. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం చేసినాను. బాగున్నారా సార్ అనింది, ఎప్పటి గొంతుతోనే. ఇంకో ఉద్యోగం దొరకలేదంట, చూస్తున్నానని చెప్పింది. నేను ముందుగానే కాయితం మీద రాసి పెట్టుకున్నది చదివినట్టే చెప్పినాను. తప్పు నాదేనమ్మా, నువ్వేమీ చేయలేదు, జరిగిందంతా ఉత్తరంగా రాసి సంతకం చేసి ఇస్తాను, ఎక్కడికి ఇంటర్వ్యూకు పోయినా చూపించు, అని.



"నాకు తెలుసు సార్," అనింది. "ఫైళ్ళు నాలుగోసారి పోయినప్పుడే వెతికాను. మీరు రాసిన ప్రోగ్రాం కనిపించింది. పైన మీ పేరుంది కదా. అదేం చేస్తుందో మాత్రం పెళ్ళి చీరల ఫోల్డర్ పోయిన రోజే అర్థమైంది."

"అయితే ఆ రోజు ఎందుకు చెప్పలేదమ్మా? ఓనరు అడిగినాడు గదా నిన్ను?"

"నేను చెప్తే తప్పించుకోవడానికి చెప్తున్నానంటారు సార్. ఆ పుస్తకంలో అన్నీ నా మీదే ఉన్నాయి. మీరు చెప్తే నమ్ముతారు. అందుకే మీ వైపు చూస్తూ నిలబడ్డాను. చెప్తారేమో అని. అప్పుడు చెప్పడానికి టైమ్ ఉంది కదా సార్ మీకు?"

ఉండింది. కావలసినంత ఉండింది.